బాబూ, గద్దించే ముందు ఎవరికి లోబడ్డావో చూసుకో

బాబూ, వందనాలు. విశాఖలో మన గాజువాక కూడికలో ఇకమీదట నువ్వే ప్రార్థన నడిపిస్తావంట కదా, మీ అమ్మ ఫోన్లో చెప్పింది, చాలా సంతోషం. విశ్వాసికి సాతాను మీద అధికారం ఉందంటారు, అదెలా వాడాలి పెద్దమ్మా అని అడిగావు, వాయిస్ మెసేజ్ పెడితే ఎటెటో పోతాను అందుకే టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకో.

అధికారం ఉంది, డౌట్ లేదు. లూకా 10లో తాను పంపిన ఆ డెబ్బై మంది శిష్యులకి పాముల్నీ తేళ్లనీ తొక్కే అధికారం ఇచ్చానని ప్రభువే అన్నాడు. కానీ వెంటనే, దయ్యాలు లోబడుతున్నాయని కాదు, మీ పేర్లు పరలోకంలో రాసి ఉన్నాయని సంతోషించండి అన్నాడు, ఈ రెండో మాట మన ప్రసంగాల్లో ఎందుకో గాని తక్కువ వినపడుద్ది.

కపెర్నహూము శతాధిపతిని చూడు, తన దాసుణ్ణి బాగు చెయ్యమని యేసుని వేడుకున్న ఆ సైన్యాధికారిని. నా కింద సైనికులున్నారు అని మొదలుపెట్టలేదు, ముందు నేనూ అధికారానికి లోబడినవాణ్ణే అన్నాడు. మన ఊళ్లో నేవీ వాళ్లని చూస్తూనే ఉంటావు కదా, ఆఫీసర్ మాట చెల్లేది గట్టిగా అరిచాడని కాదు, ఆయన వెనకాల పైవాళ్ల ఆర్డర్ ఉంది కాబట్టి. యాకోబు 4:7 కూడా అదే వరస, ముందు దేవునికి లోబడండి, తర్వాతే అపవాదిని ఎదిరించండి. మనవాళ్లు సగం వాక్యం పట్టుకుని మైకు అందుకుంటారు. ఎఫెసులో స్కెవ కొడుకులు ఏడుగురూ పౌలు ప్రకటించే యేసు పేరు అరువు తెచ్చుకుని దయ్యాన్ని వెళ్లగొట్టబోతే యేసు తెలుసు, పౌలు తెలుసు, మీరెవరు అంది ఆ దయ్యం, అది పట్టినవాడు వాళ్ల మీద పడితే బట్టల్లేకుండా గాయాలతో పారిపోయారు.

బంధిస్తున్నాం కాల్చేస్తున్నాం అని అరగంట సాతానుతోనే మాట్లాడకు, తండ్రితో మాట్లాడేదెప్పుడు మరి? మిఖాయేలంతటి ప్రధానదూతే సాతానుతో ప్రభువు నిన్ను గద్దించును గాక అని ఊరుకున్నాడు, యూదా పత్రికలో ఉంది చూడు.

కేజీహెచ్ పెద్దాసుపత్రికి ఎవరినన్నా చూడ్డానికి వెళ్తే ముందు ప్రార్థన చెయ్యమంటారా అని ఆ మనిషినే అడుగు, పక్కనున్న కొడుకుని కాదు. సెలైన్ సూది లేని చెయ్యి పట్టుకో, నూనె రాస్తే నుదుటి మీద ఒక చుక్క చాలు, గొంతు ఆ మంచం దాటకూడదు, పక్క బెడ్ ఆవిడకి రాత్రంతా నొప్పులుండి అప్పుడే కన్ను మూతపడి ఉండొచ్చు. స్వస్థత వచ్చేసింది ట్యాబ్లెట్లు ఆపేస్తానని ఎవరన్నా అంటే డాక్టర్‌ని అడక్కుండా ఆపొద్దని గట్టిగా చెప్పు, అక్కడ మాత్రం గట్టిగానే. తగ్గకపోతే నీకు విశ్వాసం లేదు అనే మాట నీ నోట రాకూడదు, నాకు ఒళ్లు మండే మాట అది. పౌలు తన ఒంట్లో ముల్లులాంటి బాధ తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు, తియ్యలేదు, నా కృప నీకు చాలు అన్నాడు ప్రభువు, మరి పౌలుకి విశ్వాసం తక్కువా?

తుఫాన్ని గద్దించొచ్చా అని యూత్ వాళ్లు అడుగుతారు నిన్ను, తప్పకుండా అడుగుతారు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుఫాను నాడు ఆదివారం, ఈ ఊళ్లో గద్దించని విశ్వాసి ఉండడేమో, గాలి మాత్రం చెట్లన్నీ కూల్చేసే పోయింది. గలిలయలో యేసు గాలిని గద్దించాడు, నిజమే. అదే అపొస్తలుల కార్యములు 27లో ఓడలో పోతూ తుఫాన్లో చిక్కిన పౌలు దాన్ని ఒక్క మాట అన్లేదు, ఓడ పోతది మనుషులు బతుకుతారని దూత ద్వారా తెలిసింది, అదే వాళ్లకి చెప్పి రొట్టె విరిచి అందర్నీ తినమన్నాడు, 276 మందీ ఒడ్డుకి చేరారు. ముందు ప్రభువు ఏం చెప్పాడో విని దాని ప్రకారం మాట్లాడ్డం, అధికారం అంటే నాకు తెలిసింది ఇదే, యేసు నామంలో అన్నది ఏది పడితే అది శాంక్షన్ చేయించుకునే స్టాంపు కాదు.

కూడికకి ముందు ఆ 27వ అధ్యాయం మొత్తం ఒకసారి చదువుకో. అలాగే మైకు సంగతి పాస్టర్ గారితో నెమ్మదిగా మాట్లాడు, ఇరవై మంది కూర్చునే ఆ గదికి రెండు స్పీకర్లెందుకు?