మోవర్ బ్లేడు నట్టు బిగింపు గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చలికాలం పోయింది కనుక గరాజులోని లాన్ మోవర్‌ను బయటికి తీసి, బ్లేడుకు సాన పట్టించి, తిరిగి నీవే బిగించుకుంటానని చెప్పావు. చాలా సంతోషం. అయితే ఆ నట్టును ఎంత బిగించాలన్న విషయంలో చేతి అంచనాను నమ్మవద్దని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను. మీ అమెరికా ప్రమాణాల ప్రకారం బ్లేడు కొన వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు; అంటే గంటకు సుమారు 350 కిలోమీటర్ల వరకు ఉండవచ్చునన్నమాట. తోసుకుంటూ నడిపే మోవర్లలో పిడి వదిలిన 3 సెకన్లలోగా బ్లేడు ఆగాలన్న నియమం 1982 నుంచి ఉంది. అంత వేగాన్ని అంత తక్కువ వ్యవధిలో ఆపినప్పుడల్లా కలిగే కుదుపును తట్టుకోవలసింది ఆ బిగింపే.

నట్టు బిగించడమంటే నిజానికి బోల్టును వెంట్రుకవాసి సాగదీయడం. సాగిన బోల్టు తిరిగి కుదించుకోవాలని చూస్తుంది. ఆ లాగుడే బ్లేడును కదలకుండా అదిమి పడుతుంది. మనం పెట్టే శ్రమలో సుమారు పదోవంతు మాత్రమే ఈ సాగదీతకు దక్కుతుంది, మిగిలినదంతా మరల మధ్య, నట్టు అడుగున రాపిడికే ఖర్చవుతుంది. అందుచేత పొడి మరలకు చెప్పిన టార్క్ అంకెను (టార్క్ అంటే నట్టును తిప్పే బలం; అడుగు దూరంలో ఒక పౌండు బలంతో లాగితే అది ఒక ఫుట్-పౌండు) నూనె రాసిన మరలకు వాడితే బోల్టు మోతాదుకు మించి సాగి దెబ్బతింటుంది. తుప్పు, ఎండిన గడ్డి పేరుకున్న మరల మీదైతే అంకె సరిపోయినా బిగువు చాలదు. ముందుగా తీగ బ్రష్షుతో మరలను, బ్లేడు కూర్చునే చోటును శుభ్రం చెయ్యి. ఈ అంకె తోసుకునే మోవర్లలో చాలావాటికి 35 నుంచి 60 ఫుట్-పౌండ్ల మధ్య ఉంటుంది, ఎక్కి నడిపేవాటిలో కొన్నిటికి 90 దాకా వెళుతుంది. కాబట్టి పొరుగువారి యంత్రపు అంకెను కాక నీ మోడల్ మాన్యువల్‌లో ఉన్నదానినే పాటించు.

పని మొదలుపెట్టే ముందు స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయడం, ఎయిర్ ఫిల్టరు పైకి ఉండేలా యంత్రాన్ని వాల్చడం, చేతులకు మందపాటి గ్లౌజులు వేసుకోవడం తప్పనిసరి. బ్లేడు తిరగకుండా కర్రదిమ్మ అడ్డం పెట్టు. బ్లేడు చివర్ల వంపు తిరిగిన రెక్కలు డెక్కు వైపు, అంటే బ్లేడును పైనుంచి కప్పే గుల్ల వైపు ఉండాలి. గిన్నెలా వంగిన వాషరుంటే దాని లోతైన వైపు బ్లేడును చూడాలి.

కావలసిన అంకెకు తిప్పి పెడితే ఆ బిగువు రాగానే టక్కుమనే రెంచినే టార్క్ రెంచి అంటారు. దానిని పిడి మధ్యలో పట్టుకుని, ఒకే వేగంతో మెల్లగా లాగు. టక్కుమనగానే ఆపెయ్యి, అనుమానం తీరక మరోసారి లాగవద్దు. దెబ్బలు కొడుతూ తిప్పే ఇంపాక్ట్ రెంచితో బిగించవద్దు, ఎంత బిగిసిందో దానితో తెలియదు. టార్క్ రెంచి ఇంకా కొనకపోతే, ఇండియా ప్రయాణానికి పెట్టెలు తూచే కొక్కెపు త్రాసు మీ ఇంట్లో ఉండే ఉంటుంది: నట్టు మధ్య నుంచి ఒకటిన్నర అడుగుల దూరంలో రెంచి పిడికి దానిని తగిలించి, పిడికి సరిగ్గా లంబంగా లాగినప్పుడు 33 పౌండ్లు, అంటే సుమారు 15 కిలోలు చూపిస్తే 50 ఫుట్-పౌండ్లు వచ్చినట్టే. అయినా ఇది తాత్కాలిక ఏర్పాటుగానే ఉండాలి, మంచి టార్క్ రెంచి కొనుక్కో. దానితో నట్లు విప్పవద్దు, పని ముగిశాక అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టెలో ఉంచు.

బ్లేడు రాయికో చెట్టు వేరుకో తగిలిన రోజు, ఆ కోత పూర్తయ్యేదాకా ఆగకుండా అక్కడికక్కడే యంత్రం ఆపి, ప్లగ్ వైరు తీసి, బ్లేడు వంగిందేమో, నట్టు వదులైందేమో చూడు.

ఇట్లు,
మామయ్య