ఏ సూదికీ తగ్గని పొదుగువాపు: క్లినిక్‌లో, షెడ్డులో ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మాకు ఎనిమిది ముర్రా గేదెలున్నాయి. ఈని నెల దాటిన ఒక గేదెకు వెనుక కుడి చన్ను వైపు పొదుగు గట్టిపడి, పాలలో తెల్లటి పలుకులు వస్తున్నాయి. మందుల షాపులో అడిగి మూడు రోజులు సెఫ్ట్రియాక్సోన్, తర్వాత ఎన్రోఫ్లాక్సాసిన్ వేయించాం. తగ్గలేదు. ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళితే, అంతకుముందు వేరే గేదెకు వాడిన సైఫన్‌నే (చన్నులోకి దూర్చి పాలు తీసే సన్నటి గొట్టం) గిన్నెలోని మందునీళ్లలో ముంచి మా గేదెకు పెట్టారు. పాల పరీక్షలో స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. రిపోర్టులో జెంటామైసిన్ తప్ప అన్నిటి ఎదుట 'ఆర్' (మందుకు లొంగదు) అని ఉంది. ఇంతకంటే పెద్ద మందు ఉందా? ఇది క్లినిక్‌లోనే అంటిందా? పాలు కాచి వాడుకోవచ్చా?
– ఒక పాడి రైతు, పీర్జాదిగూడ, హైదరాబాద్

జవాబు: మీరు పంపిన రిపోర్టులో సెఫాక్సిటిన్ అనే పేరు ఎదుట కూడా 'ఆర్' ఉంది. అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. స్టెఫైలోకాకస్ మెథిసిలిన్‌కు (పెన్సిలిన్ కుటుంబపు మందు) లొంగని రకమా కాదా తేల్చడానికే ల్యాబులో ఆ బిళ్ల పెడతారు. అది 'ఆర్' అయితే పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫ్ట్రియాక్సోన్ ఏవీ పనిచేయవు. ఈ మందులన్నీ బ్యాక్టీరియా తన గోడను కట్టుకునే ప్రోటీన్‌ను పట్టుకుని ఆ పని ఆపుతాయి. ఈ రకం బ్యాక్టీరియాకు మందు అంటని మరో ప్రోటీన్ ఉంటుంది, దానితో గోడ కట్టుకుంటూ పోతుంది. అందుకే డోసు పెంచినా, కంపెనీ మార్చినా డబ్బు దండగ. ఇలాంటి రకాన్ని మనుషుల్లో 1961లోనే బ్రిటన్‌లో గుర్తించారు.

ఇక జెంటామైసిన్. ల్యాబు పళ్లెంలో 'ఎస్' (మందుకు లొంగుతుంది) అని వచ్చినంత మాత్రాన పొదుగులో నయమవుతుందని కాదు. ఈ బ్యాక్టీరియా పొదుగు లోపల చిన్న చిన్న చీముగడ్డలు చేసుకుని, చుట్టూ గట్టి పొర ఏర్పడ్డాక లోపల దాక్కుంటుంది. మందు అక్కడికి సరిగా చేరదు. పైగా జెంటామైసిన్ మూత్రపిండాలకు హాని చేయగలదు, దాని అవశేషాలు శరీరంలో చాలాకాలం నిలుస్తాయి. గేదెను చూసిన డాక్టరు చెబితే తప్ప వేయించకండి. చన్ను గట్టిపడిందని మీరే రాశారు కనుక నా అభిప్రాయం దాచకుండా చెబుతున్నాను: ఆ చన్నును డాక్టరు పర్యవేక్షణలో ఎండగట్టించి, మిగిలిన మూడు చన్నులను కాపాడుకోవడం మేలు. 'పెద్ద మందు' కోసం వెతకవద్దు. మీరు ఇప్పటికే వేసిన ఆ రెండూ మనుషుల ప్రాణాలు నిలిపే మందుల జాబితాలో పైవరుసలో ఉన్న కుటుంబాలకు చెందినవే. షాపులో అడిగి వేయించే మందులు కావవి. మనుషులకు చివరి ఆసరాగా ఉంచుకున్న కొలిస్టిన్‌ను కూడా పశువులకు, కోళ్లకు, చేపలకు వాడుతుంటే, 2019లో కేంద్ర ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది.

క్లినిక్‌లోనే అంటిందా అన్నది ఈ రిపోర్టుతో తేలదు. చన్ను అంతకుముందే గట్టిపడింది కనుక మొదటి రోగం బహుశా షెడ్డులోనే మొదలై ఉంటుంది. అయినా ఆ సైఫన్ సంగతి చదివి నాకు బాధ కలిగింది. చన్ను చివర ఉండే సన్నటి ద్వారం పొదుగుకు ఉన్న ప్రధాన కాపలా. సైఫన్ ఆ కాపలాను దాటించి, దానికి అంటుకున్నదాన్ని నేరుగా లోపలికి చేరుస్తుంది. ఉదయం నుంచి నిలవ ఉన్న పలచటి మందునీళ్లలో ఒకసారి ముంచి తీస్తే అది శుభ్రం కాదు. స్యూడోమోనాస్ వంటి బ్యాక్టీరియా అలాంటి పలచటి ద్రావణంలో, దూది నానేసిన డబ్బాలో బతికి పెరుగుతుంది కూడా. దానికి చాలా యాంటీబయాటిక్‌లు పుట్టుకతోనే పనిచేయవు. సైఫన్‌ను బ్రష్షుతో తోమి, ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పాత్ర) 121 డిగ్రీల వేడిలో 15 నుంచి 20 నిమిషాలు ఉంచాలి. ఆ వసతి లేకపోతే ఒక్కసారి వాడి పారేసేది వాడాలి. 'కొత్తది పెట్టండి, డబ్బులు నేనిస్తాను' అని మొహమాటం లేకుండా అడగండి.

ఇందులో ధైర్యం తెచ్చుకోవాల్సిన విషయం ఒకటుంది. యాంటీబయాటిక్‌లకు లొంగని ఈ స్టెఫైలోకాకస్ సబ్బుకు, స్పిరిట్‌కు, బ్లీచింగ్‌కు, వేడికి మామూలు స్టెఫైలోకాకస్ లాగే లొంగుతుంది. షరతు ఒక్కటే, ముందు మురికి పోవాలి. పేడ, చీము ఉన్నచోట బ్లీచింగ్ పోస్తే దాని శక్తి ఆ పేడ మీదే ఖర్చయిపోతుంది. ట్రెవిస్ (పశువును కదలకుండా నిలిపే చట్రం) గొట్టాలైనా, గచ్చయినా ముందు సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత బ్లీచింగ్ ద్రావణం పోసి పది నిమిషాలు తడిగా వదలాలి. షెడ్డు గచ్చుకైతే లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పౌడర్, అదీ ఏ రోజుకారోజు కలుపుకుని వాడండి. పశువులను బయటికి తోలాకే పోయండి. బాత్రూమ్ యాసిడ్‌తో మాత్రం కలపవద్దు, విషవాయువు వస్తుంది. చేతుల సంగతీ అంతే: పేడ అంటిన చేతికి శానిటైజర్ రాసినా లాభం లేదు, సబ్బుతో కడగాలి. ఒక పశువును ముట్టుకుని మరో పశువు దగ్గరికి వెళ్లేముందు డాక్టరు, కాంపౌండరు చేతులు కడుగుతున్నారా లేదా అన్నది మంచి క్లినిక్‌కు నేను చూసే మొదటి గుర్తు. రబ్బరు మూతకు సూది గుచ్చి వదిలేసిన మందు సీసా కనిపిస్తే, అందులోని మందు మీ గేదెకు వద్దనండి.

ఈ గేదెను మళ్లీ క్లినిక్‌కు తోలుకెళ్లకండి. 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్యశాల వాహనాన్ని ఇంటికే పిలవండి. తప్పక వెళ్లాల్సివస్తే రిపోర్టు విషయం ముందే ఫోనులో చెప్పండి. చివరగా చూసి, ఆ తర్వాత అంతా కడుక్కునే వీలు వాళ్లకు ఉంటుంది.

షెడ్డులో పాలు పిండే వరుస మార్చండి. ముందు తొలిచూలు గేదెలు, తర్వాత మిగిలినవి, అన్నిటికంటే చివర ఈ గేదె. అన్నిటికీ ఒకే గుడ్డతో పొదుగు తుడవడం ఇవాళే మానండి. ఒక్కో గేదెకు ఒక్కో గుడ్డ పెట్టి, ఉడికించి ఎండలో ఆరేయండి. పిండగానే ప్రతి చన్నునూ 0.5 శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో ముంచి, అరగంట పాటు పడుకోకుండా మేత వేయండి. మీ వైపు చాలామంది మూసీ నీటితో పెరిగిన పారా గడ్డి మేపుతారు. గడ్డి సంగతి ఎలా ఉన్నా, ఆ నీటితో పొదుగు కడగవద్దు. పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీటిలో లీటరుకు దాదాపు 30 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. మన చుట్టుపక్కల నీళ్లను అప్పటి నుంచి నేను తేలిగ్గా తీసుకోను. శుభ్రమైన బోరు నీళ్లే వాడండి.

పాల విషయంలో రాజీ లేదు. కాస్తే బ్యాక్టీరియా చస్తుంది కానీ చాలా యాంటీబయాటిక్ అవశేషాలు పోవు. స్టెఫైలోకాకస్ వదిలే విషపదార్థం కూడా మరిగించినా మిగులుతుంది. చికిత్స రోజుల్లోనూ, ఆ తర్వాత లేబుల్‌పై రాసిన గడువు తీరేదాకా నాలుగు చన్నుల పాలూ అమ్మవద్దు. జబ్బు చన్ను పాలు ఎప్పటికీ కలపవద్దు. వాటిని దూడకూ పోయకండి. దాని కడుపులో మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగి పేడతో షెడ్డంతా పరుచుకుంటుంది. ఆ పాలలో బ్లీచింగ్ కలిపి, దూరంగా గుంట తీసి పారబోయండి. పాలు పిండేవారి చేతికి గాయం ఉంటే చేతితొడుగు వేసుకోవాలి. ఇంట్లో ఎవరికైనా సెగ్గడ్డలు వస్తే, షెడ్డులో ఈ బ్యాక్టీరియా ఉందని మీ డాక్టరుకు చెప్పాలి.

మిగిలిన ఏడింటినీ ఈ వారంలోనే చూసుకోండి. లీటరు నీటిలో 30 గ్రాముల బట్టల సబ్బుపొడి కలిపి, ఒక్కో చన్ను పాలలో అంతే కొలత ఆ నీళ్లు పోసి తిప్పండి. జిగురులా చిక్కబడితే లోపల వాపు ఉన్నట్లే. అలాంటి చన్ను నుంచి, ఏ మందూ వేయకముందే, పరీక్షకు పాలు తీయాలి. చన్నును కడిగి ఆరబెట్టి, చివరను స్పిరిట్ దూదితో తుడిచి, మొదటి ధారలు వదిలేసి, స్టెరైల్ సీసాను ఏటవాలుగా పట్టి పట్టండి. ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు ల్యాబుకు చేర్చండి. రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. జ్వరం లేక, మేత తింటూ ఉన్న గేదెకు ఆ రెండు మూడు రోజులు ఆగవచ్చు. జ్వరం వచ్చినా, మేత మానినా రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరును పిలవండి.