జీతం లెక్కకు ముందు గంటల లెక్క

దేవరకొండ

చిరంజీవి బిడ్డకు అత్తమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన జీతం బిల్లు ఫోటో చూశాను. దాని కింద రాసిన నాలుగు వాక్యాలు రెండుసార్లు చదివాను. పెళ్లిలో బంతి మీద కూర్చున్నప్పుడు వరసకు బావ అయ్యే అతనెవరో "సర్కారు టీచర్లకేం, సగం ఏడాది సెలవులు, నెల తిరిగితే జీతం" అన్నాడనీ, పక్కవాళ్లు నవ్వారనీ, నీకు ముద్ద దిగలేదనీ రాశావు. చివర్లో "అత్తమ్మా, నిజంగా నా పనికి నా జీతం న్యాయమేనా?" అని అడిగావు. ఫోనులో తేలే మాట కాదు కాబట్టి కాగితం తీసుకున్నాను.

ముందుగా, ఆ ప్రశ్నకు పెళ్లి పందిట్లో జవాబు చెప్పకు. నేను ముప్పై ఏళ్లు చెప్పి చూశాను, ఒక్కరినీ ఒప్పించలేకపోయాను. బడి గేటు తెరిచి ఉన్న సమయమే వాళ్ల కంటికి కనిపిస్తుంది. జవాబు నీకోసం కావాలి.

నీ బిల్లు ముందు పెట్టుకొని మీ మామయ్య, నేను లెక్క కట్టాం. మూల వేతనం 31,040. డీఏ (కరువు భత్యం), 11 శాతం ఇంటి అద్దె భత్యం, మధ్యంతర భృతి కలిపితే కోతలకు ముందు దాదాపు 45 వేలు. విద్యాహక్కు చట్టం అనుబంధంలో టీచరుకు వారానికి కనీసం 45 గంటల పని అని ఉంది. పాఠం తయారు చేసుకునే సమయం కూడా అందులోదే. అలా చూస్తే నెలకు సుమారు 195 గంటలు, గంటకు 230 రూపాయలు. సెలవులన్నీ తీసేసి, ఒకటి నుంచి అయిదో తరగతి వరకు ఆ చట్టమే పెట్టిన 200 పనిదినాలను రోజుకు తొమ్మిది గంటల చొప్పున పట్టుకుంటే గంట 300 అవుతుంది. మీ బావ చెప్పదలచుకున్నది ఈ రెండో లెక్కే. అతని లెక్కలోనూ తప్పు లేదు.

ఇప్పుడు నీ తండా వైపు చూడు. 2025 ఏప్రిల్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలుగా నిర్ణయించారు. నీ బడిలో చదివే పిల్ల తల్లి పొద్దుటి నుంచి గడ్డపార పట్టి సంపాదించేది నీకు గంట, గంటన్నరలో వస్తోంది. మీ వంటామెకు గౌరవ వేతనం నెలకు 3,000. పొయ్యి దగ్గర ఆమె గడిపే సమయాన్ని నువ్వే చూస్తున్నావు. అందుకే నా మాటగా గుర్తుపెట్టుకో, "జీతం చాలడం లేదు" అని ఆ ఊళ్లో ఎప్పుడూ అనకు. ఎనభైల్లో మేము స్పెషల్ టీచర్లుగా నెలకు 398 రూపాయలకు చేరాం. అప్పుడు ఆ మాట అనే హక్కు మాకు ఉండేది. అన్నాం కూడా, రోడ్డెక్కి మరీ అన్నాం.

అలాగని నోరు మూసుకోమని కాదు. నా గంట, నీ గంట ఒకటి కావు. నాకు ప్రతి నెలా పింఛను పడుతుంది. 2004 సెప్టెంబరు నుంచి చేరినవాళ్లకు ఆ భరోసా లేదు. సీపీఎస్ అనే వాటా పింఛను పథకం కింద నీ మూల వేతనం, డీఏ కలిపిన మొత్తంలో పదో వంతు ఇప్పటి నుంచే కోస్తున్నారు. ఇక పీఆర్సీ, అంటే జీతాల సవరణ సంగతి. 2018 జూలై నుంచి లెక్క కట్టినది చేతికి వచ్చేసరికి 2021 అయింది. ఆ తర్వాతిది 2023 జూలై నుంచి అమలు కావాల్సింది. వీటి కోసం సంఘంతో కలిసి అడుగు, చందా కట్టు, ధర్నాకు పిలిస్తే వెళ్లు. అది బాకీ వసూలు చేసుకోవడం. నువ్వు నన్ను అడిగిన న్యాయం మాత్రం వేరే చోట ఉంది.

అది తెలియాలంటే ఒక పొడుగు నోటుబుక్కు కొనుక్కో. రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు చాలు. ఆ రోజు పిల్లల ముఖాలు చూస్తూ గడిపిన గంటలెన్ని, ఇంటి దగ్గర నోటుబుక్కులు దిద్దడానికి, మర్నాటి పాఠానికి పట్టినవెన్ని, కాగితాలకూ ఫోనుకూ పోయినవెన్ని, మూడు వరసల్లో అంతే రాయి. మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క, యూడైస్‌లో బడి వివరాలు ఎక్కించడం, చదవడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మార్కుల నమోదు, ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయం గంటలో పంపమన్న వివరాలు, అన్నీ మూడో వరసలో వెయ్యి. ఇప్పుడు ముఖం చూపించి హాజరు వేస్తున్నారు కదా, అది నువ్వు ఎప్పుడు వచ్చావో ఎప్పుడు వెళ్లావో చెబుతుంది. మధ్యలో నీ చేత ఏం చేయించారో అందులో ఉండదు.

రాసేటప్పుడు నిజాయితీగా రాయి. బస్సులో కూర్చున్న సమయం పని కాదు. హైదరాబాదులో కాపురం పెట్టి, నలుగురు కలిసి కారు మాట్లాడుకొని, సాగర్ రోడ్డు మీద రోజూ వచ్చిపోయేవాళ్లను ఎంతోమందిని చూశాను. సాయంత్రం మూడున్నరకే వాళ్ల చూపు రోడ్డు మీద ఉండేది. స్టాఫ్ రూములో చిట్టీలు నడిపినవాళ్లూ, ప్లాట్లు అమ్మినవాళ్లూ ఉన్నారు. మీ బావ నోట ఆ మాట ఊరికే పుట్టలేదు బిడ్డా, అందులో మా తరం వాటా ఉంది. నువ్వు కొండమల్లేపల్లిలోనో దేవరకొండలోనో ఉండు. నా ఇంట్లో మేడ మీది గది ఖాళీగానే ఉంది.

నెల తిరిగాక ఆ మూడో వరస కింద కూడిక చూడు. అసలు కథ అక్కడే ఉంటుంది. నువ్వు 2024 అక్టోబరులో ఉద్యోగంలో చేరావు. నవంబరు 6న కులగణన కోసం ఇంటింటి సర్వే మొదలైంది. ప్రాథమిక బడులను ఒంటిపూటకు కుదించి మధ్యాహ్నాలు మిమ్మల్ని గడప గడపకూ తిప్పారు. నీ పిల్లల పేర్లు నోటికి రాకముందే ఊళ్లో ఇంటి నంబర్లు నోటికి వచ్చాయి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం టీచరును చదువేతర పనికి వాడుకోవడానికి మూడే సందర్భాలు: పదేళ్ల జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. ఆ సర్వేను ఈ మూడింటిలో ఎక్కడ కూర్చోబెట్టాలో నాకైతే చోటు దొరకలేదు. జనగణన మాత్రం చట్టం ఒప్పుకున్న పని, దానికి సణగకు.

పాఠం చెప్పినందుకు నీకు ఇస్తున్నది న్యాయమైన జీతమే. గంటకు 230 ఇచ్చి నీ చేత అంకెలు ఎక్కించుకోవడం అన్యాయం, దాని నష్టం ముందుగా పడేది పిల్లల మీద. మీది ఏకోపాధ్యాయ పాఠశాల. నువ్వు ఫోను పట్టుకున్న ప్రతి నిమిషం అయిదు తరగతులకు టీచరు లేనట్టే.

ఎవరి లెక్కలోకీ రాని గంటలు కూడా నీకు ఉన్నాయి. ఇంట్లో లంబాడీ మాట్లాడే ఒకటో తరగతి పిల్లకు తెలుగు నేర్పి, అదే నోటితో ఇంగ్లీషు పుస్తకం చదివించాలి. దసరా దాటాక తల్లిదండ్రులు మూటాముల్లె సర్దుకొని పనులకు పోతుంటే, పిల్లను నాయనమ్మ దగ్గర ఉంచమని వాకిట్లో కూర్చొని బతిమాలాలి. నేను దీపాలు పెట్టే వేళ వెళ్లేదాన్ని, పగలు ఎవరూ దొరకరు కాబట్టి. నాలుగుసార్లు తిరిగితే ఒక పిల్ల ఆగేది, ఒక్కోసారి అదీ లేదు. నోటుబుక్కులో ఈ గంటలను ఎర్ర సిరాతో రాయి. వీటికి డబ్బు అడగమని కాదు, నీ పని ఎంతో నీకు తెలియడానికి.

సెలవుల విషయంలో నేను మోసపోయినట్టు నువ్వు మోసపోకు. వేసవి సెలవులు ఉన్నాయనే మిగతా ఉద్యోగులకు ఏడాదికి 30 ఈఎల్ (ఆర్జిత సెలవులు) ఇస్తే మనకు ఆరే ఇస్తారు. కాబట్టి వేసవిలో ఎన్నికలకో జనగణనకో పిలిస్తే ఆ రోజులకు తగ్గ ఈఎల్ నీ ఖాతాలో జమ కావాలి. పని చేసినట్టు ధ్రువపత్రం అక్కడే, ఆ రోజే తీసుకో. సర్వీసు రిజిస్టరులో ఎక్కిందో లేదో నీ కళ్లతో చూసుకో. నాకు సంతకం పెట్టాల్సిన అధికారి రేపూ మాపూ అంటూ బదిలీ అయి వెళ్లిపోయాడు, ఆ ఎండాకాలం అలాగే పోయింది. రిటైరయ్యేటప్పుడు 300 రోజుల వరకు డబ్బుగా ఇస్తారు, ఒక్కో రోజు విలువ అప్పుడు తెలుస్తుంది. ఏడాదికి 15 సీఎల్ (సాధారణ సెలవులు), 7 స్పెషల్ సీఎల్ కాక ఆడవాళ్లకు అదనంగా మరో 5 ఉన్నాయి. అడగడానికి సిగ్గుపడకు.

మూడు నెలలు రాశాక నోటుబుక్కు తీసుకొని చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశానికి వెళ్లు. "పని ఎక్కువైంది" అంటే ఎవరూ వినరు. "జనవరిలో ఇన్ని గంటలు పాఠం ఆగింది, ఇదిగో తేదీలు" అంటే కనీసం తలెత్తి చూస్తారు. ఒకే వివరాన్ని మూడు యాపుల్లో అడుగుతుంటే ఆ మూడింటినీ పక్కపక్కన రాసి చూపించు. గొంతు పెంచకు. పక్క ఊరి టీచరు చేత కూడా రాయించు, ఇద్దరి లెక్క ఒకటైతే బలం.

ఉగాదికి వచ్చేటప్పుడు ఆ నోటుబుక్కు మర్చిపోకు. కూడికలు మీ మామయ్య చేస్తానంటున్నాడు, ఆయనకు మరో పని లేదు. సంక్రాంతికి చెప్పావే, అమ్మానాన్నల వెంట వెళ్లిపోయిన నాలుగో తరగతి పిల్ల, ఆమె తిరిగి బడికి వచ్చిందో లేదో అది కూడా రాసి ఉంచు.

మీ అత్తమ్మ