లెన్స్ కంటికి పాప ఎక్కడ?

సందేహం: స్టూడియోల్లో పనిచేసే కుర్రాళ్ల కోసం చిన్న పాఠం రాస్తున్నాను. ద్రాక్షారామం గుడి మండపం, ధవళేశ్వరం బ్యారేజీ వంటి చోట్ల నాలుగు దిక్కులతో పాటు నింగీ నేలా కూడా కనిపించే ఫోటో ఎలా తీయాలో చెప్పాలి. ‘సర్క్యులర్ ఫిషై లెన్స్‌తో స్ఫెరికల్ పనోరమా తీయడం’ అన్నదాన్ని ‘వృత్తాకార మత్స్యనేత్ర కటకంతో గోళాకార విశాలదృశ్యం తీయడం’ అని రాశాను. ‘నోడల్ పాయింట్’ను ‘కేంద్రబిందువు’ అనీ, ‘స్టిచింగ్’ను ‘కుట్టడం’ అనీ అన్నాను. ఈ మాటలు సరిపోతాయా? – ఒక పాఠకుడు, రాజోలు

సమాధానం: వ్యాకరణం వరకు మీ వాక్యంలో తప్పు పట్టడానికేమీ లేదు. దాన్ని నమ్మి కెమెరా బిగించే కుర్రాడికి మాత్రం ఫోటో చెడుతుంది.

‘వృత్తాకార’తో మొదలుపెడదాం. గుండ్రంగా లేని లెన్స్ ఎక్కడుంది? ఇంగ్లీషులో కూడా ఆ విశేషణం గాజుకు చెందదు, సెన్సర్ మీద పడే బొమ్మకు చెందుతుంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. 8 ఎం.ఎం. ఫిషై (ఒక్క ఫోటోలో 180 డిగ్రీల చూపు పట్టే లెన్స్) వేసే బొమ్మ అడ్డకొలత సుమారు 23 మిల్లీమీటర్లు, కాబట్టి వృత్తం మొత్తం ఫ్రేములో ఇముడుతుంది, చుట్టూ నలుపు మిగులుతుంది. 15 ఎం.ఎం. ఫిషై వేసే వృత్తం 42 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అది ఫ్రేము దాటిపోతుంది, 180 డిగ్రీల చూపు మూల నుంచి మూలకే దక్కుతుంది. మొదటిదాన్ని ‘నిండువృత్తపు ఫిషై’ అనండి, రెండోదాన్ని ‘నిండుఫ్రేము ఫిషై’ అనండి. ఈ తేడా చెప్పకపోతే మీ కుర్రాడు 8 ఎం.ఎం. లెన్సును చిన్న సెన్సర్ కెమెరాకు తగిలిస్తాడు. అడ్డంగా పెట్టినప్పుడు ఆ సెన్సర్ ఎత్తు 15 మిల్లీమీటర్ల చిల్లరే కనుక వృత్తం పైనా కిందా తెగుతుంది, నడినెత్తి ఆకాశం రాదు. ఆ కెమెరాకు నిండువృత్తం కావాలంటే 4.5 ఎం.ఎం. ఫిషై వాడాలి.

‘కటకం’ అన్న మాట బడిపుస్తకంలో కుంభాకార, పుటాకార విశేషణాల పక్కన బాగానే కుదురుకుంది. స్టూడియోలో అడిగితే ఎవరూ తీసి ఇవ్వరు. కాలువలతో పాటు డెల్టాకు వచ్చిన ఇంగ్లీషు ‘లాక్’ మన నోట ‘లాకు’ అయింది. ‘లాకుల దగ్గర ఆపు’ అన్నప్పుడు అది పరాయి మాటని ఎవరికి తోస్తుంది? లెన్సూ, లెన్సులూ అంతే.

‘మత్స్యనేత్రం’తో చిక్కు ఇంకొంచెం లోతైనది. మన కావ్యాల్లో మీనాక్షి, మీననేత్ర అంటే చేప ఆకారంలో కన్నులున్న స్త్రీ. అక్కడ పోలిక ఆకారానికి. 1906లో అమెరికన్ భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ ఈ పేరు వాడినప్పుడు ఆకారం ఊసే లేదు, చేప చూపే ఆయన ప్రశ్న. నిశ్చలంగా ఉన్న చెరువులో నుంచి చేప పైకి చూస్తే, కాంతి నీటిలో వంగడం వల్ల గట్టు మీది ప్రపంచమంతా సుమారు 97 డిగ్రీల గుండ్రటి కిటికీలోకి ఒదిగి కనబడుతుంది. అందుకని తెలుగు మాటే కావాలంటే మత్స్యనేత్రం కన్నా ‘చేపకన్ను’ నయం. భీమవరం చెరువుల దగ్గరివాళ్లకు దాన్ని విడమర్చి చెప్పే పని కూడా ఉండదు. ‘చేపనేత్రం’ మాత్రం వద్దు, రెండు మాటలూ ఒకదానికొకటి ఎడమొహం పెడమొహంగా ఉంటాయి.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది ‘కేంద్రబిందువు’. ఇలాంటి పనోరమాకు కెమెరాను ఉన్నచోటే తిప్పుతూ కొన్ని ఫోటోలు తీసి కలుపుతాం. తిప్పే చోటు తప్పితే దగ్గరి వస్తువు దూరపుదాని ముందు పక్కకు జరుగుతుంది, ఫోటోలు కలవవు. ఆ మాట చదివినవాడు కెమెరా మధ్యకో, లెన్స్ గొట్టం మధ్యకో కొలత పెట్టుకుంటాడు. నిజానికి ‘నోడల్ పాయింట్’ అనడమే ఇంగ్లీషులో పాతుకుపోయిన పొరపాటు. కెమెరాను తిప్పాల్సింది లెన్స్ ముందు నుంచి చూసినప్పుడు లోపల నల్లగా కనిపించే ద్వారం ఉన్నచోట. కాంతిశాస్త్రంలో దాని ఇంగ్లీషు పేరు ‘ఎంట్రన్స్ ప్యూపిల్’. ప్యూపిల్ అంటే కంటిపాపే. లాటిన్‌లో ఆ మాటకు మూలార్థం చిన్నపిల్ల, బొమ్మ. ఎదుటివాడి కంట్లో కనిపించే మన చిన్న ప్రతిబింబాన్ని చూసి పెట్టిన పేరది. మన ‘పాప’లోనూ అదే పోలిక ఉంది. ఇంత చక్కటి మాట చేతిలో ఉండగా కేంద్రబిందువెందుకు? ‘లెన్స్ పాప’ అనండి, కెమెరా తిరిగే నిలువు గీతను ‘ఇరుసు’ అనండి. అప్పుడు సూత్రం ఒక్క ముక్కలో చెప్పొచ్చు: పాప ఇరుసు మీద కూర్చోవాలి.

కూర్చోబెట్టడం ఇలా. ముందు లెన్స్‌ను పక్కలకు జరిపి సరిగ్గా ఇరుసు పైకి తేవాలి. తరువాత మీటరు దూరంలో ఒక దారం వేలాడదీసి, వెనక దూరంగా ఉన్న ధ్వజస్తంభంతో ఒకే వరుసలో పెట్టాలి. కెమెరాను కుడికి తిప్పినప్పుడు దారం స్తంభానికి ఎడమగా జరిగితే పాప ఇరుసుకు ముందుందని అర్థం, కెమెరాను వెనక్కి జరపాలి. కుడిగా జరిగితే ముందుకు. అయితే చేపకన్ను పాప ఒకచోట నిలవదు. పక్కకు వెళ్లి చూస్తే అది మీ వైపు తిరిగి ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని ఎదురుగా సరిచూసుకుంటే చాలదు, అతుకు పడే కోణంలో చూసుకోవాలి. 120 డిగ్రీలకు ఒకటి చొప్పున మూడు ఫోటోలు తీస్తే అతుకు 60 డిగ్రీల పక్కన, 90కి ఒకటి చొప్పున నాలుగైతే 45 దగ్గర పడుతుంది. మూడు ఫోటోల పద్ధతిలో పాప ఇరుసుకు ఒక్క సెంటీమీటరు తప్పితే, మీటరు దూరంలోని మండప స్తంభం అతుకు దగ్గర ఒక డిగ్రీ విరుగుతుంది. 8000 పిక్సెళ్ల వెడల్పు పనోరమాలో అది 22 పిక్సెళ్లు. అదే తప్పు వంద మీటర్ల దూరంలోని బ్యారేజీ గేట్ల దగ్గర పిక్సెలులో పావు వంతు కూడా రాదు. అక్కడ నిశ్చింతగా తీయవచ్చు. నర్సాపురం రేవులో కదిలే పంటు (ఏరు దాటించే బల్లకట్టు) మీద మాత్రం పాప సరిగ్గా కూర్చున్నా లాభం లేదు. బల్లలు కెమెరాతో పాటే వస్తాయి, గట్లు వెనక్కి పోతాయి.

ఇక ‘కుట్టడం’. రెండు అంచులను దారంతో కలిపితే అది కుట్టు. ఇక్కడ ఒక ఫోటో మీదికి ఇంకోటి ఎక్కుతుంది (మూడు ఫోటోలైతే 60 డిగ్రీల మేర), ఆ ఎక్కినచోట రెండూ కలిసిపోతాయి. దాన్ని తెలుగులో అతకడం అంటాం. సరిగ్గా కుదిరినదాన్ని ‘అతికినట్టుంది’ అని కదా మెచ్చుకుంటాం! ‘కంట్రోల్ పాయింట్ల’ను ‘ఆనవాళ్లు’ అంటే సరిపోతుంది. రెండు ఫోటోల్లోనూ ఒకటేనని గుర్తుపట్టే చోటు ఆనవాలు. హగిన్, పీటీగుయ్ వంటి ఫోటోలు అతికే సాఫ్ట్‌వేర్లు వాటిని తామే పెడతాయి గానీ కొబ్బరాకుల మీద, మబ్బుల మీద, నీటి అలల మీద కూడా పెడతాయి. అవి ఫోటోకూ ఫోటోకూ మధ్య కదిలిపోయి ఉంటాయి కనుక తీసేసి గుమ్మాల మూలల మీద, రాతి అంచుల మీద పెట్టుకోవాలి. అతుకు కనబడకుండా ఉండాలంటే ఎక్స్‌పోజరు, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ అన్నీ ఆటోలోంచి తీసి, లెన్స్ ద్వారాన్ని ఎఫ్/8 దగ్గర పెట్టి, ఫోటోలన్నీ అదే లెక్కలో తీయాలి. లేకపోతే తూర్పు ఆకాశం ఒక రంగు, పడమర ఒక రంగు.

‘గోళాకార’ కూడా కొంచెం మారాలి. ఆ ఫైలు ఆకారం గోళం కాదు, ఎత్తుకు రెట్టింపు వెడల్పున్న దీర్ఘచతురస్రం: 360 డిగ్రీల వెడల్పు, 180 డిగ్రీల ఎత్తు. గోళం లోపల నిలబడి చూసే చూపు కాబట్టి ‘గోళ పనోరమా’ చాలు. ‘విశాలదృశ్యం’ వద్దు. పనోరమాలో ‘పాన్’ అంటే గ్రీకులో ‘సమస్తం’, విశాలంలో ఆ అర్థం రాదు. అలాగని 1787లో దీనికి పేటెంటు పొందిన చిత్రకారుడు రాబర్ట్ బార్కర్ సమస్తమూ చూపలేదు. ఆయనది గుండ్రటి గోడ లోపలి వైపు చుట్టూ చూపే చిత్రం, నడినెత్తి లేదు, కాళ్లకింద నేల లేదు. అది స్థూపాకార పనోరమా. ఇక్కడ అక్షరం జాగ్రత్త. మన గణితంలో ‘స్థూపం’ అంటే సిలిండర్. మీ రాజోలు దగ్గరి ఆదుర్రులో ఉన్న బౌద్ధ కట్టడం ‘స్తూపం’, దాని అండమేమో అర్ధగోళం. ఒక్క వత్తు తేడాతో స్టూడియో కుర్రాడు సిలిండరుకు బదులు అర్ధగోళం అతుకుతాడు.

నడినెత్తికి ఖస్వస్తికం అన్న మాట జ్యోతిషంలో ఉంది, పాఠంలో అవసరం లేదు. కెమెరాను నిటారుగా కాక నాలుగైదు డిగ్రీలు పైకెత్తి తీయమనండి. లేకపోతే నడినెత్తి ప్రతి ఫోటోలోనూ వృత్తం అంచునే పడుతుంది, అక్కడ బొమ్మ అలుక్కుపోయి ఉంటుంది. అలా ఎత్తినందుకు పోయేది కింద స్టాండు కాళ్లున్న చోటే. స్టాండు తీసేసి ఆ నేలను విడిగా ఒక ఫోటో తీసి అతుకుతారు.

చివరికి ‘తీయడం’. ఫోటోలు తీస్తాం, పనోరమా కూరుస్తాం. కాబట్టి మీ వాక్యం: ‘నిండువృత్తపు ఫిషై లెన్స్‌తో గోళ పనోరమా కూర్చడం’.