రెండు నెలల చెరకులో మొవ్వులు ఎండుతున్నాయా? మందు కొట్టే ముందు ఒక మొవ్వు పీకి చూడండి

మీ ప్రశ్నలో మూడు సమస్యలున్నాయి. రెండు నెలల తోటలో మొవ్వులు, అంటే మొక్క నడిమధ్య లేత ఆకులు, ఎండిపోతున్నాయి. తుంగ అనే గడ్డ కలుపు చెరకును మించి లేచింది. పక్కనున్న మీ కార్సి తోటలో, అంటే కోసిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగిన చెరకులో, అక్కడక్కడ కొసల నుంచి కొరడాల్లాంటి నల్లటి కాడలు కనిపిస్తున్నాయి. మూడింటికీ కలిపి పురుగుమందు, తెగులు మందు, కలుపు మందు ఒకే ట్యాంకులో కొట్టమని ఎవరో చెప్పారట. కొట్టకండి. ఇందులో ఒకదానికి అసలు మందే లేదు. మిగతా రెండింటికీ మందు ఉంది కానీ వేసే చోటు, వేసే తీరు వేరు.

ముందు మొవ్వుల సంగతి. చాలా ఏళ్లుగా చెరకు వేస్తున్నాను, మొవ్వు ఎండిన ప్రతిసారీ నేను చేసే మొదటి పని దాన్ని పట్టుకుని లాగడం. తేలిగ్గా ఊడి వచ్చి, కింది కొసన కుళ్లు వాసన వస్తే అది పీక పురుగు. నేలకు కాస్త పైన పిలక (మొదలు నుంచి లేచే మొలక) మీద చిన్న రంధ్రాలు కూడా కనిపిస్తాయి. మొవ్వు మాత్రమే కాకుండా పిలక మొత్తం ఎండి, కింద ముచ్చె (నాటిన చెరకు ముక్క) డొల్లగా మారి మట్టితో నిండి ఉంటే చెదలు. దుబ్బు దుబ్బే పసుపు పచ్చబడి, పట్టుకుంటే వేళ్లు లేకుండా చేతిలోకి వస్తే వేరు పురుగు, మట్టి తవ్వితే తెల్లగా వంకర తిరిగిన పురుగులు దొరుకుతాయి. మొవ్వు ఎండినా లాగితే రాకపోవడం, విచ్చుకున్న ఆకుల మీద వరుసగా చిల్లులు, మధ్య ఈనెలో ఎర్రటి చార ఉంటే అది మొవ్వు తొలిచే పురుగు. నాలుగింటికీ పైకి కనిపించేది ఎండిన మొవ్వే. అందుకే ఫోటో చూసి మందు పేరు చెప్పేవాళ్లను నేను నమ్మను.

మీ తోట వయసును బట్టి, ఇది ఎండల కాలం కాబట్టి, పీక పురుగే అయ్యుండే అవకాశం ఎక్కువ. కణుపులు ఏర్పడేదాకా, అంటే దాదాపు మూడు నెలల వరకు దీని బెడద ఉంటుంది. నేల ఎండి వేడెక్కిన కొద్దీ పెరుగుతుంది. కాబట్టి మొదట నీటి తడులు దగ్గర చేయండి. ఎండిన పిలకల్ని నేల మట్టానికి కాస్త కిందికి కోసి, లోపలి పురుగుతో సహా తీసి నాశనం చేయండి. మొవ్వు మాత్రం లాగి పారేస్తే పురుగు పిలకలోనే మిగిలిపోతుంది. తర్వాత మొదళ్లకు తేలిగ్గా మట్టి ఎగదోయండి. చెరకుకు పిలకలు వేసే శక్తి ఉంది కాబట్టి తల్లి పిలకలు కొన్ని పోయినా తోట కోలుకుంటుంది. నూటికి పదిహేను దాటి పిలకలు ఎండుతుంటేనే మందు గురించి ఆలోచించాలన్నది సాధారణంగా చెప్పే లెక్క. తోటలో నాలుగైదు చోట్ల వరుసగా పిలకలు లెక్కపెట్టి చూడండి, దూరం నుంచి చూసి టెన్షన్ పడటం కన్నా అది నయం.

మందు తప్పదనుకుంటే క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం ద్రావణం హెక్టారుకు 375 మిల్లీలీటర్లు సిఫారసులో ఉంది. దాన్ని ఆకుల మీద పిచికారీ చేస్తే ప్రయోజనం తక్కువ. నేలలో తేమ ఉన్నప్పుడు మొదళ్ల దగ్గర తడిసేలా పోస్తే వేళ్ల ద్వారా పైకి వెళ్లి లోపలి పురుగును అందుకుంటుంది. పైపైన తాకి చంపే మందులు పిలకలోకి దూరిన పురుగును చేరవు. అవి చంపేది మనకు సాయం చేసే సాలీళ్లను, పరాన్నజీవుల్ని.

సాయం చేసేవాటిలో నాకు నమ్మకమున్నది ట్రైకోగ్రామా, పురుగు గుడ్లలో తన గుడ్లు పెట్టే చిన్న పరాన్నజీవి. హెక్టారుకు విడతకు యాభై వేల పరాన్నజీవుల చొప్పున, నాటిన నెల నుంచి వారం పది రోజులకోసారి అవి ఉన్న గుడ్లు అంటించిన కార్డులు కడతారు. ఇది పురుగు గుడ్డు మీద పనిచేసేది, కాబట్టి మొవ్వులు ఎండాక మొదలుపెట్టి ఫలితం లేదనడం న్యాయం కాదు. కార్డు తీసుకునేటప్పుడు గుడ్లు నల్లబడి ఉన్నాయా చూడండి, నల్లబడితేనే లోపల పరాన్నజీవి ఉన్నట్టు. సాయంత్రం వేళ ఆకు అడుగున కట్టండి. ఆ వారంలో పురుగుమందు కొడితే రెండూ దండగ. అయితే మిత్రజీవి అని పేరు పెడితే చాలు, అన్నీ పనిచేస్తాయని కాదు. చెరకు పెంకు పురుగుల్ని తింటాయని ఆస్ట్రేలియాలో 1935లో పెద్ద కప్పల్ని తెచ్చి వదిలారు. పెంకు పురుగులు చెరకు పైభాగంలో, వాటి పిల్లలు నేల లోపల ఉండిపోయాయి. కప్పలకు అవి అందలేదు, కప్పలే దేశానికి పెద్ద బెడద అయ్యాయి.

తుంగ విషయంలో అసలు సమయం దాటిపోయింది. నాటిన మూడు రోజుల్లోపు తేమ నేల మీద అట్రజిన్ అనే కలుపు మందు కొట్టి ఉంటే ఆకు కలుపు, కొన్ని గడ్డి జాతులు మొలవకుండా ఆగేవి, తుంగ మాత్రం అప్పటికీ పెద్దగా ఆగేది కాదు. ఇప్పుడు చేతితో పీకితే నేలలోని గడ్డలు గొలుసు తెగి విడివిడిగా మొలకెత్తుతాయి. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందు హెక్టారుకు 90 గ్రాములు, తుంగ మూడు నాలుగు ఆకుల్లో ఉన్నప్పుడు నేరుగా దాని మీద పడేలా కొడితే గడ్డ దాకా దిగుతుంది. మీది ముదిరిపోయింది కాబట్టి ముందు గుంటక (కలుపును కోసే పనిముట్టు) తోలి లేత చిగురు వచ్చాక కొట్టండి. ఫలితం రెండు మూడు వారాలకు గానీ కనిపించదు, తొందరపడి మళ్లీ కొట్టకండి. 2,4-డి అనే కలుపు మందు ఆకు కలుపుకే, తుంగ గడ్డను అది చంపదు. గాలి ఉన్న రోజు కొడితే పక్క చేలో పత్తి, కూరగాయలు మాడిపోయి గొడవలవుతాయి. నాలుగు నెలలు గడిచి చెరకు కమ్ముకుంటే కలుపు దానంతటదే అణిగిపోతుంది, తీగ కలుపు తప్ప. అది చెరకును అల్లుకుని పడదోస్తుంది కాబట్టి పూత రాకముందే పీకేయాలి.

చాళ్ల మధ్య చెరకు చెత్త పరిస్తే కలుపూ తగ్గుతుంది, నేల చల్లబడి పీక పురుగూ తగ్గుతుంది. మా తోటలో దీన్ని మించిన ఖర్చు లేని పని లేదు. చెదలున్న తేలిక నేలల్లో మాత్రం ఆలోచించి పరచండి.

ఇక కార్సిలోని కొరడాలు. అది కాటుక తెగులు, దీనికే మందు లేదన్నాను. ఆ నల్లటి పొడి అంతా శిలీంధ్ర బీజాలే, తాకితే గాలికి లేచిపోతుంది. కొరడాను ముందు సంచితో మూసి, తర్వాత కోసి, దుబ్బును వేళ్లతో సహా తవ్వి తగలబెట్టాలి. వారానికోసారి తిరిగి చూడాలి, కొత్తవి వస్తూనే ఉంటాయి. పచ్చగా నిలబడ్డ గడల కళ్లలోకీ (కణుపుల దగ్గరి మొగ్గల్లోకీ) బీజాలు చేరి ఉంటాయి కాబట్టి ఆ తోటలోంచి ఒక్క ముచ్చె కూడా విత్తనానికి పనికిరాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2006లో ఈ తెగులు కనబడినప్పుడు వాళ్లు ప్రధానంగా నమ్ముకున్నది తట్టుకునే రకాలకు మారడాన్నే.

ఆ తోటలో ఒకటి రెండు గడలు నిలువుగా చీల్చి కూడా చూడండి. లోపల ఎర్రగా ఉండి మధ్యమధ్య అడ్డంగా తెల్లటి మచ్చలు, సారా వాసన ఉంటే ఎర్రకుళ్లు. ఇది కాటుక కన్నా ప్రమాదం. తెల్ల మచ్చలు లేకుండా గడ మధ్య డొల్లబడితే వడలు తెగులు. ఉత్తర భారతంలో కో 0238 అనే రకం దిగుబడి చూసి అందరూ అదే వేశారు, తీరా ఎర్రకుళ్లు దానికి అలవాటు పడేసరికి తోటలు తోటలే పోయాయి. ఒకే రకం మీద ఆధారపడొద్దని నేననేది అందుకే.

వచ్చేసారి విత్తనానికి ఏడెనిమిది నెలల వయసున్న, తెగులు లేని తోట ఎంచుకోండి. కాటుక, గడ్డిదుబ్బు (పిలకలు గడ్డిలా సన్నగా గుబురుగా వచ్చే) తెగుళ్లకు ముచ్చెల్ని 52 డిగ్రీల వేడినీటిలో అరగంట ఉంచే పద్ధతి ఉంది. ఇంట్లో పొయ్యి మీద కుదరదు, డిగ్రీ రెండు పెరిగినా మొలక చస్తుంది, ఆ సదుపాయం ఉన్నచోటే చేయించుకోండి. ఎర్రకుళ్లుకు దీన్ని నమ్ముకోవద్దు.

మీ కార్సిని ఈ కోతయ్యాక దున్నేసి, వీలైతే ఒక పంట నీళ్లు నిలిపి వరి వేయండి. చూడటానికి బాగుందని ఎవరైనా విత్తనానికి అడిగినా ఇవ్వకండి.