శుక్లం ఆపరేషన్ తర్వాత కంట్లో గరగర, మసక: సమాధానం

అమ్మగారికి శుక్లం ఆపరేషన్ అయి నాలుగు రోజులైనా కంట్లో ఇసుక పడ్డట్టు గరగరలాడుతోందని, చూపు మసకగానే ఉందని రాశారు కదా. రోజురోజుకూ కాస్తయినా తగ్గుతూ ఉంటే టెన్షన్ పడకండి. కోత మానేదాకా గరగర ఉంటుంది, లోపలి వాపు తీసేకొద్దీ మసక విడిపోతుంది, కొందరికి వారాలు కూడా పడుతుంది. తెల్లటివి నీలంగా కనిపించడం మామూలే. కంట్లో సహజంగా ఉండే లెన్స్ పసుపెక్కి ఇన్నాళ్లూ నీలి కాంతిని అడ్డుకుంది, ఆపరేషన్‌లో దాన్ని తీసేశారు కాబట్టి ఇప్పుడది లేదు.

నాకు భయమేసింది మీ ఇంకో మాటకి. ఎరుపు తగ్గిందని చుక్కలు ఆపేశామన్నారు! వాటిలో సాధారణంగా స్టెరాయిడ్ ఉంటుంది, దాన్ని డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి గానీ ఒక్కసారిగా ఆపితే వాపు తిరగబెట్టొచ్చు, అందుకే ఈరోజే ఫోన్ చేసి అడగండి. వేసేటప్పుడు చేతులు కడుక్కుని, కింది రెప్పను కొంచెం కిందికి లాగి ఆ సందులో ఒక్క చుక్క వేయండి, సీసా మూతి రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. రెండో మందుకు 5 నిమిషాలు ఆగాలి, లేకపోతే మొదటిది కొట్టుకుపోతుంది.

నిద్రలో తెలియకుండా కన్ను నలిపేస్తారు, రాత్రిళ్లు కంటిమీద షీల్డ్ (గట్టి రక్షణ మూత) పెట్టండి. తలస్నానం డాక్టర్ సరేననేదాకా వద్దు. నొప్పి పెరిగినా, ఎరుపు ఎక్కువైనా, చూపు ఉన్నట్టుండి తగ్గినా, మెరుపులు గానీ పక్కనుంచి తెర కమ్ముతున్నట్టు గానీ కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.