ఫ్రిజ్ మీద క్యాలెండర్

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. డాలస్ వెళ్లిన కుర్రాడు, ఊళ్లో తండ్రి, చివర్లో ఎయిర్‌పోర్టు. నీకు చెయ్యి తిరుగుతోంది, అందులో అనుమానం లేదు. కానీ ఐదో పేజీలో ‘అమెరికా కల ఎండమావి అని అతనికి అర్థమైంది’ అని రాశావు చూడు, అక్కడ నా మనసు విరిగిపోయింది. ఆ మాట ఆ కుర్రాడిది కాదమ్మా. నువ్వు ముందే అనుకుని అతని నోట్లో పెట్టావు.

‘అమెరికన్ డ్రీమ్’ అన్న మాటని జనంలోకి తెచ్చింది 1931లో జేమ్స్ ట్రస్లో ఆడమ్స్ రాసిన చరిత్ర పుస్తకం. ఫిట్జ్‌జెరాల్డ్ నవల ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ వచ్చింది అంతకు ఆరేళ్ల ముందు, 1925లో. మాట వాడుకలోకి రాకముందే కథ వచ్చేసింది. పేదింట్లో పుట్టి కోటీశ్వరుడై, ఇంట్లో పెద్ద పెద్ద విందులిచ్చినవాడు గాట్స్‌బీ. ఆ నవల చివర్లో అతను హత్య అయ్యాక తండ్రి వస్తాడు. జేబులోంచి ఒక చిరిగిన పాత పుస్తకం తీస్తాడు. కొడుకు చిన్నప్పుడు చదివిన కౌబాయ్ కథ అది. వెనక ఖాళీ పేజీలో పిల్లాడి చేతిరాత, 1906 సెప్టెంబర్ 12 తేదీ, కింద ఒక టైంటేబుల్. ఆరింటికి లేవాలి. 6.15కి వ్యాయామం. ఆ తర్వాత కరెంటు గురించి చదవాలి. దాని కింద కొన్ని నియమాలు: వారానికి ఐదు డాలర్లు దాచాలి అని రాసి, ఐదు కొట్టేసి, మూడు చేశాడు. అన్నిటికన్నా చివర, అమ్మానాన్నలతో ఇంకా బాగా ఉండాలి.

ఆ కొట్టివేత దగ్గర నేను ఎన్నిసార్లు ఆగిపోయానో చెప్పలేను. ఐదు డాలర్లు తన వల్ల కాదని పిల్లాడికి తెలిసిపోయింది, అయినా మానలేదు. తండ్రి ఒక్కొక్క లైనూ పైకి చదువుతూ, ఎదుటివాడు కూడా ఇది రాసుకుంటాడేమో అన్నట్టు చూస్తాడు. వందలమంది వచ్చి తాగి వెళ్లిన ఆ ఇంటి నుంచి శవం లేస్తే పట్టుమని పదిమంది లేరు. ఎంసెట్‌కి చదివే పిల్లలు మంచం పక్కన గోడకి టైంటేబుల్ అంటించుకున్న ఇళ్లు మనం చూడలేదా? ఆ పేజీ మనకి కొత్తేం కాదు.

ఆర్థర్ మిల్లర్ నాటకం ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ (1949) కూడా తీసి చదువు. అందులో ఫ్రిజ్ బెల్టు తెగుతూ ఉంటుంది, వాయిదాలు మాత్రం కడుతూనే ఉంటారు. పాతికేళ్ల ఇంటి అప్పులో చివరి వాయిదా ఈరోజే కట్టేశానని భార్య భర్త సమాధి దగ్గర చెబుతుంది. స్టయిన్‌బెక్ 1939 నవల ‘ది గ్రేప్స్ ఆఫ్ రాత్’లో ఇంకో లెక్క ఉంది. పళ్లు కోయడానికి 800 మంది కావాల్సినవాడు 5 వేల కరపత్రాలు వేయిస్తాడు, వాటిని ఓ 20 వేలమంది చూస్తారు. కూలి పడిపోవడానికి ఇంకేం కావాలి?

ఇప్పటి లెక్కలు కూడా నీకు అలా వేళ్ల మీద ఉండాలి. కంపెనీల ఉద్యోగాలకి ఏడాదికి కొత్త హెచ్1బీ వీసాల పరిమితి 85 వేలు, అప్లికేషన్లు దానికి కొన్ని రెట్లు, అందుకే లాటరీ. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో మామూలుగా ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని చట్టం, అందుకే మనవాళ్లకి ఏళ్ల తరబడి క్యూ. ఆ క్యూలో ఉండగానే పిల్లలకి 21 నిండితే తల్లిదండ్రుల వీసా మీద ఉండే హక్కు పోతుంది. అమెరికాలోనే పెరిగిన పిల్లకి ఒక పుట్టినరోజు అలా వస్తుంది. దాని మీద నువ్వొక నవల రాయొచ్చు.

కిందటిసారి మా అమ్మాయి దగ్గరికి న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్లినప్పుడు పక్కింటివాళ్లు భోజనానికి పిలిచారు. ఆ అబ్బాయికి లేఆఫ్ అయి మూడు వారాలు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజులు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా ఇంకేదో దారి చూసుకోవాలి, లేదా సామాను సర్దుకోవాలి. వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండర్, గడిచిన ప్రతి తేదీ మీదా ఇంటూ మార్కు. ఆ ఇల్లాలు ఆవకాయ కోసం తలుపు తీసినప్పుడల్లా క్యాలెండర్ రెపరెపలాడుతోంది. ఆరేళ్ల పాప తన పుట్టినరోజు తేదీ చుట్టూ గులాబీ రంగు స్కెచ్ పెన్నుతో బెలూన్లు గీసుకుంది. నేను మనసులో లెక్కపెట్టాను. అరవయ్యో రోజు దాటాక నాలుగు రోజులకి వస్తుంది అది.

భోజనం అయ్యేదాకా ఎవరూ ఉద్యోగం మాటెత్తలేదు. “ఇంకొంచెం పప్పు వేసుకోండి అంకుల్” అన్నాడు ఆ అబ్బాయి, నా కంచంలోకే చూస్తూ.

వాళ్లని ఆశపోతులు అనడానికి నాకు నోరు రాదు. నీ కథలో తండ్రి పాత్ర మీద ఆ నింద ఉంది, తీసెయ్. ఆయన పొలం తాకట్టు పెట్టి పంపాడని ఒక్క వాక్యంలో దాటేశావు. ఎన్ని ఎకరాలు? ఎవరి దగ్గర పెట్టాడు, వడ్డీ ఎంత? కాగితం మీద సంతకం చేసేటప్పుడు కొడుకు పక్కనే ఉన్నాడా, లేక కోచింగ్‌లో ఉన్నాడా? ఇవి తెలిస్తే ఐదో పేజీలో ఆ వాక్యం అవసరం ఉండదు.

ఆ పేజీ మళ్లీ రాసి పంపు. సంక్రాంతి దాకా ఊళ్లోనే ఉంటాను. టైప్ చేసినా సరే, చేత్తో రాసినా సరే. కొట్టివేతలుంటే అలాగే ఉంచు, నేను చూడాలి.

ఇట్లు,
మీ మాస్టారు